అరగని పటిక

మాస్టారి తొలి విజయం ఒక బెలూన్.

నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. గాలి నిండిన బెలూన్‌కి దట్టంగా సబ్బు నురగ పట్టించి, ఆ నురగంతా మడత కత్తితో గీకి తీసెయ్యాలి. బెలూన్ మాత్రం పగలకూడదు. ఆయన గురువు పెట్టిన పరీక్ష అది. అది నెగ్గందే మనిషి చెంప ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఒక వానాకాలమంతా మాస్టారు బెలూన్లు పేలుస్తూనే ఉన్నారు. పేలినప్పుడల్లా నురగ ఎగిరి మొహాన పడేది, గురువుగారి మొట్టికాయ నెత్తిన పడేది. పేలుడు వినపడని రోజున పక్క కొట్టువాళ్ళు తొంగి చూసి, "ఏం, ఇవాళ కుర్రాడు పనిలోకి రాలేదా?" అని అడిగేవాళ్ళు. అలాంటిది, వానలు వెనకబట్టిన ఒక మధ్యాహ్నం నురగ పోయింది, బెలూన్ మిగిలింది. గురువు శభాష్ అనలేదు, భుజం తట్టలేదు. బెలూన్‌ని ఒకసారి గోటితో మీటి చూసి, "రేపట్నించి చెంపలు," అన్నాడంతే. అంతకు మించిన పట్టా ఏ విశ్వవిద్యాలయమూ ఇవ్వలేదని మాస్టారి నమ్మకం.

ఆ తర్వాత ఆయన చేసిన ఘనకార్యాలు ఒకటా, రెండా! మాటమాటకీ దగ్గుతో ఊగిపోయే జడ్జిగారికి గడ్డం గీశారు. దగ్గుకీ దగ్గుకీ మధ్య సందు చూసుకుని గీశారు. కుర్చీలో పడి గురక పెట్టే పహిల్వాన్‌కి మెలకువ రాకుండా గీశారు. అతను లేచి అద్దంలో చూసుకుని, "ఇంకా మొదలెట్టలేదేం?" అని కసిరి, మళ్ళీ చూసుకుని నాలుక కరుచుకున్నాడు. ముహూర్తం దాటిపోతున్న పెళ్ళికొడుకుకి పరుగెత్తే రైల్లో గీశారు. అన్నిటికంటే కష్టమైన గడ్డం ఏదని అడిగితే మాత్రం, ఉపన్యాసం ఆపకుండా గీయించుకున్న ఒక నాయకుడిదని చెప్పేవారు. "దగ్గు ఎప్పుడో ఒకప్పుడు ఆగుతుందండీ," అనేవారు.

ఇన్ని చెంపలమీద ఇన్నేళ్ళు కత్తి నడిచినా ఎవరికీ నెత్తురు చుక్క రాలలేదు. అందుకు సాక్ష్యం అద్దం కింద గాజు గిన్నెలో ఉండేది. అది పటిక ముక్క. గాటు పడినచోట రుద్దితే నెత్తురు ఆగుతుందని ప్రతి కొట్టులోనూ ఉంచుతారు. మిగతా కొట్లలో అది అరిగి అరిగి స్నానాలగదిలో సబ్బు ముక్కలా తయారవుతుంది. మాస్టారి పటిక కొట్టు తెరిచిన రోజున కొన్నది. మూలలు ఇంకా మొనదేలి ఉండేవి. కొత్తగా వచ్చినవాళ్ళ చేతికిచ్చి, "పట్టుకు చూడండి, జాగ్రత్త, గుచ్చుకుంటుంది," అనేవారు. అలా ఆయనకి 'చుక్క రాలని మాస్టారు' అని పేరొచ్చింది. మాటిమాటికీ అంత పేరు పలకడం కష్టమని జనం 'మాస్టారు' దగ్గర ఆపేశారు.

మాస్టారి భార్య మాత్రం, "ఆయన చేతిలోంచి చుక్క రాలదు, నా మాట ఆయన చెవిలోకి చుక్క దిగదు," అనేది.

కొట్టులో రెండో కుర్చీ అల్లుడిది. మంచివాడు, నెమ్మదస్తుడు. ఆయనలో ఉన్న లోపం ఒక్కటే, మెషిన్. కరెంటుతో నడిచే ఆ మెషిన్ బుర్రుమంటూ చెంపల మీద తిరుగుతుంటే మాస్టారికి ఒళ్ళు జలదరించేది. "అల్లుడుగారి తేనెటీగ లేచిందండోయ్, మొహాలు జాగ్రత్త!" అని అరిచేవారు. అల్లుడు చిన్నగా నవ్వి తన పని తను చేసుకునేవాడు. కుర్రకారంతా ఆయన కుర్చీలోనే కూర్చునేవాళ్ళు. పెద్దవాళ్ళలో కూడా కొందరు, మాస్టారు అటు తిరిగినప్పుడు, చప్పుడు చెయ్యకుండా ఆ కుర్చీలోకి జారేవాళ్ళు.

ఇక గుండె సంగతి. అది ఏడాదిగా అప్పుడప్పుడూ తిక్క చేస్తూనే ఉంది. ఉన్నట్టుండి రొమ్ములో పావురం రెక్కలు కొట్టుకున్నట్టు ఉండేది. కాసేపటికి సర్దుకునేది. భార్యతో చెబితే "గ్యాసు, రాత్రి పూట తక్కువ తినండి" అంది. ఎదురు కొట్టు టైలరుతో చెబితే ఆయన మణికట్టు పట్టుకుని, కళ్ళు మూసుకుని విన్నాడు. టైలరూ మాస్టారూ చిన్నప్పటి నేస్తాలు. ఇద్దరి మధ్యా 'ఒరేయ్' తప్ప 'గారు' ఎన్నడూ నడవలేదు.

"ఒరేయ్, నీ గుండె కుట్టు తప్పుతోందిరా," అన్నాడు టైలరు. "నా పాత మిషను అచ్చం ఇలాగే చేసేది. నాలుగు కుట్లు వేసి రెండు వదిలేసేది. మళ్ళీ హడావుడిగా పది వేసేది. డాక్టరుకి చూపించుకో."

"మరి నీ మిషనుకి ఏం చేశావ్?"

"అమ్మేశాను."

"గుండెనెవడు కొంటాడురా? కత్తి పట్టిన చెయ్యి వణకనంత కాలం గుండె ఎలా కొట్టుకుంటే నాకేం?"

ఆ మాట అన్న నోరు ఎంతో కాలం నిలవలేదు.

ఆ పొద్దున కుర్చీలో ఉన్నది టైలరే. ఒక చెంప అయింది. రెండో చెంపకి నురగ పట్టించి, మాస్టారు జడ్జిగారి దగ్గు కథ ఎత్తుకున్నారు. టైలరు ఆ కథ ఎన్నోసార్లు విన్నవాడే కాబట్టి కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఉన్నట్టుండి, 'జడ్జిగారు' అనబోతే మాట నోట్లో ముద్దగా తిరిగింది. కుడి చేతిలోంచి కత్తి జారింది. జారి నేల మీద పడింది. వెనకే మాస్టారు పడబోతే అల్లుడు మెషిన్ వదిలేసి ఒక్క అంగలో వచ్చి పట్టుకున్నాడు. కింద మెషిన్ బుర్రుమంటూ గిరగిరా తిరుగుతూనే ఉంది, ఎవరూ ఆపలేదు.

అల్లుడు మామగారిని రెండు చేతుల్లో ఎత్తుకుని ఆటోలో పడేశాడు. టైలరు మెడకి కట్టిన తెల్లగుడ్డతో, మొహాన నురగతో, అలాగే దూకి ఎక్కాడు. ఆస్పత్రి గుమ్మంలో ముందు దిగింది ఆయనే. తెల్లగుడ్డ చుట్టుకుని, నోటి చుట్టూ నురగ కక్కుతూ, కళ్ళు తేలేసి కేకలు పెడుతున్న మనిషిని చూసి ఇద్దరు వార్డుబాయ్‌లు పరుగెత్తుకొచ్చి బండి మీద పడుకోబెట్టి పట్టీలు బిగించారు.

"నేను కాదురా నాయనా! వాడు! ఆటోలో ఉన్నాడు!"

"అలాగే తాతా, అందరూ అలాగే అంటారు. కదలకు."

"ఇది సబ్బురా!"

"సబ్బు మింగాడంటరా," అన్నాడు ఒకడు రెండోవాడితో.

ఈలోగా అల్లుడు అసలు రోగిని లోపలికి చేర్చాడు. మొహం ఒక పక్కకి జారి, కుడి చెయ్యి చచ్చుబడి, మాస్టారు పక్కనే వెళ్ళిపోతున్న బండి మీద నేస్తాన్ని చూశారు. అంత కష్టంలోనూ నవ్వొచ్చిందనీ, ఎడమ పక్క నోరు మాత్రమే ఒప్పుకోవడంవల్ల సగమే నవ్వాననీ ఆయన తర్వాత చెప్పుకున్నారు.

ఆలస్యం కాకుండా తీసుకురావడం మేలైంది. మెదడులో అడ్డుపడ్డ గడ్డని కరిగించే మందు నరంలోకి ఎక్కించారు. వయసులో చిన్నదే అయినా డాక్టరమ్మ మాట నిదానం. గుండె పటం తీయించి, భార్యనీ అల్లుడినీ పిలిచి కూర్చోబెట్టింది.

"గుండె పైగదులు తాళం ప్రకారం ముడుచుకోవాలి. ఈయనకి ముడుచుకోవడం మానేసి ఊరికే వణుకుతున్నాయి. అందులో నెత్తురు నిలవ ఉండిపోయి గడ్డ కట్టింది. ఆ గడ్డ కొట్టుకుపోయి మెదడులో నరానికి అడ్డం పడింది. పక్షవాతం వచ్చింది అందుకే."

"బతుకుతారా?" అంది భార్య.

"ఈ గండం గట్టెక్కినట్టేనమ్మా. కానీ ఉన్నమాట చెబుతాను. గుండె లయ తప్పి వచ్చిన పక్షవాతం మామూలు దానికంటే గట్టిగా కొడుతుంది. తేరుకోవడం నిదానం. అజాగ్రత్తగా ఉంటే మళ్ళీ వస్తుంది. రెండోసారి వస్తే మనిషి దక్కడం చాలా కష్టం. దీనికి ఆనకట్ట ఒకటే, గడ్డ కట్టనివ్వని మాత్ర. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఒక్క పూట కూడా తప్పకూడదు."

"నేను మింగిస్తాను," అంది ఆవిడ. ఎంత మొండిమనిషికి మింగించాలో అప్పుడు ఆవిడకి గుర్తులేదు.

కొన్నాళ్ళకి మాస్టారికి మాట కూడింది. కూడిన తొలి వాక్యం ఇది: "కత్తి... కింద... పడింది. చెంప మీద... కాదు." చుట్టూ ఉన్నవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఆయన కళ్ళు మాత్రం ఎవరైనా మెచ్చుకుంటారేమోనని వెతుకుతున్నాయి.

ఇంటికి పంపేరోజున డాక్టరమ్మ ఒక పిడుగు వేసింది. "ఇంకొక్క సంగతి. ఈ మాత్ర వేసుకున్నన్నాళ్ళూ చిన్న గాటు పడ్డా నెత్తురు ఆగడం ఆలస్యమవుతుంది. అందుకని మీ గడ్డానికి కత్తి వద్దు. కరెంటు మెషిన్ వాడండి."

మాస్టారు ఆవిడ వంక చూశారు. భార్య వంక చూశారు. పైకప్పు వంక చూశారు. అల్లుడు మందుల సంచీ సర్దుతున్నట్టు కిందికి వంగి చాలాసేపు పైకి లేవలేదు. పుండు మీద కారం చల్లడం అంటారే, దానికి మాస్టారి లెక్కలో ఇంకో పేరుంది. అదే మెషిన్.

ఇంట్లో భార్య రాజ్యం మొదలైంది. టైలరు డబ్బాడు గుండీలు తెచ్చిచ్చాడు. వాటిని కుడిచేత్తో ఒక్కొక్కటీ తీసి ఇంకో డబ్బాలో వెయ్యాలి. అయిపోగానే ఆవిడ రెండు డబ్బాలూ అటూ ఇటూ మార్చి మళ్ళీ ముందు పెట్టేది. బట్టల క్లిప్పులు నొక్కాలి. పిండిముద్ద పిసకాలి. "జడ్జిగారి గడ్డం గీసిన చేత్తో పిండి పిసకమంటావుటే?" అని ఆయనంటే, "జడ్జిగారు తినరు లెండి, మనమే తినేది, బాగా పిసకండి," అనేది.

మాస్టారి గడ్డం తెల్లగా, గరుగ్గా పెరిగింది. మెషిన్ తాకనివ్వనన్నారు. కత్తి భార్య తాకనివ్వనంది. ఆ పక్క టైలరు ఇంకో పంతం పట్టాడు. "నా గడ్డం సగంలో వదిలేశాడు వాడు. మిగతా సగం వాడే దించాలి. ఇంకొకడి చెయ్యి పడనివ్వను," అన్నాడు. సగం గడ్డం పూర్తి గడ్డమైంది, పూర్తి గడ్డం గుబురు గడ్డమైంది. ఆయన మనవరాలు తాతని చూసి ఏడవడం మొదలెట్టింది. దానికి తోడు కుట్టుమిషను చక్రంలో చిక్కుకుంటుందని గడ్డానికి క్లిప్పు పెట్టుకునేవాడు. నేస్తం పడే ఆ కష్టం చూసి మాస్టారికి పట్టుదల పెరిగింది. వైద్యులనెవరినీ అడక్కుండా తనే ఒక తేదీ నిర్ణయించి అల్లుడికి కబురు పెట్టారు. 'మాస్టారు ఆగస్టు పదకొండున వస్తారు' అని సుద్దముక్కతో రాసి కొట్టు తలుపుకి పలక వేలాడదీశాడు అల్లుడు. పాత ఖాతాదార్లు ఆ పలక చూసి వెనక్కి పోయేవాళ్ళు. వెనక్కి పోయినవాళ్ళలో ఎందరు వారం ఆగగలరు? ఒకరి తర్వాత ఒకరు తలవంచుకుని తేనెటీగ కిందికే వచ్చారు. ఈ సంగతి టైలరు ద్వారా మాస్టారికి తెలిసేది. ఆగస్టు దాటితే ఇక తన కుర్చీకి చెంప మిగలదని ఆయన బెంగ.

"నా పటిక తెచ్చిపెట్టరా. చూసుకుంటాను," అన్నారు టైలరుతో ఒకరోజు. ఆ బెంగ కనిపెట్టి టైలరు తెచ్చిచ్చాడు.

చేతిలో పటిక ఉంది, పెట్టెలో పాత కత్తి ఉంది, భార్య కూరగాయలకి వెళ్ళింది. ఇంకేం కావాలి? ఎడమచేత్తో కత్తి పట్టుకుని అద్దం ముందు నిలబడ్డారు. రెండు గీతల వరకు ఎడమ చెయ్యి మాట విన్నది. మూడో గీతకి గాటు పడింది. చిన్న గాటే. మనసులో కొంచెం సిగ్గుపడి తువ్వాలు అద్దారు. ఆగలేదు. పటిక అద్దారు. ఆగలేదు. రుద్దారు, ఇంకా రుద్దారు. తువ్వాలు ఎర్రబడింది. గట్టిగా అదిమి పట్టుకుని మంచం మీద కూర్చుంటే ఎంతసేపటికో ఆగింది. అప్పుడు చూసుకుంటే పటిక మూల అరిగి గుండ్రంగా ఉంది.

చుక్క రాలని మాస్టారి పటిక, మాస్టారి చెంప మీదే అరిగింది! కొట్టులో పడిపోయిన రోజున కూడా ఆయన ఇంత కుంగలేదు.

కుంగిన మనిషి ఊరుకోడు కదా, కారణం వెతుకుతాడు. క్షౌరంలో పండిన వాళ్ళకి నెత్తురు గురించి ఒక శాస్త్రం ఉంది. పటిక అద్దగానే ఆగితే మంచి నెత్తురు, ఆగకపోతే నీళ్ళ నెత్తురు. నీళ్ళ పాలు తోడుకోనట్టే నీళ్ళ నెత్తురు నిలవదు. ఆ నెత్తురున్న చేతికి పట్టెక్కడిది? "అమ్మ డాక్టరమ్మా! నా నెత్తురులో నీళ్ళు పోస్తున్నావా!" అనుకున్నారు. ఇక మీదట మాత్ర లోపలికి దిగకూడదని తేల్చుకున్నారు.

మానడం అంత సులువు కాదు. భార్య మాత్ర నోట్లో వేసి, నీళ్ళు తాగించి, నాలుక పైకెత్తమని కింద కూడా చూసేది. అయితే చెంపల లోపల ఏ మూల ఏం పడుతుందో జీవితమంతా చెంపలు చూసిన మనిషికి ఒకరు చెప్పాలా? మాత్రని దవడ వెనక సందులోకి తోసి, ఆవిడ అటు తిరగగానే కిటికీలో ఉన్న పూలకుండీలో ఊసేసి మట్టి కప్పేవారు.

కొన్ని వారాలకి చేతికి పట్టు వచ్చింది. గుండీలు ఒక్కటి జారకుండా డబ్బాలో పడుతున్నాయి. అది భార్య పిసికించిన పిండి మహిమ అని ఎవరైనా చెబుతారు. ఆయన మాత్రం ఆ ఘనత పూలకుండీకిచ్చారు. కొండంత ధైర్యంతో ఒక ఆదివారం అల్లుడినీ టైలరునీ పిలిపించి, కుర్చీ వేయించుకుని కూర్చున్నారు.

"అల్లుడుగారూ, కత్తి పట్టండి. నా గడ్డం తీయండి."

"డాక్టరమ్మ వద్దన్నారు కదండీ మామయ్యగారూ."

"అందుకే తీయమంటున్నాను. నా నెత్తురు ఎలాంటిదో నలుగురూ చూడాలి. ఒక గాటు పెట్టండి."

"గాటా! మీ అమ్మాయి నన్ను మళ్ళీ గడప తొక్కనిస్తుందా?"

"పెట్టమని ఆయనే అడుగుతున్నాడు కదయ్యా," అన్నాడు గడ్డం క్లిప్పు సర్దుకుంటూ టైలరు, "ఇలాంటి అవకాశం ఏ అల్లుడికీ రాదు."

భార్య "వద్దు" అంటూనే ఉంది. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. కుర్చీలో ఉన్నది రాజు మాట కూడా విననివాడు. చేసేదిలేక అల్లుడు కత్తి తెరిచాడు. కావాలని పెట్టనక్కర్లేకుండానే, చెయ్యి వణికి దవడ దగ్గర చిన్న గాటు పడింది.

"ఆహా, పడింది!" అన్నారు మాస్టారు. గాటు పడినందుకు మురిసిపోయినవాడు ఆ కుర్చీల చరిత్రలో ఆయనొక్కడే. "ఇప్పుడు పటిక అద్దండి. చూడండి!"

అల్లుడు పటిక అలా తాకించాడు. నెత్తురు ఆగిపోయింది. మాస్టారు రెండు చేతులూ చాచి చుట్టూ చూశారు. "నెత్తురంటే ఇదీ! ఆగస్టు పదకొండుకి నన్నాపేవాడెవడు?"

టైలరు చప్పట్లు కొట్టబోయాడు. అల్లుడు కొట్టలేదు. మామగారి చెంప వంక చూశాడు, పటిక వంక చూశాడు, కత్తి నెమ్మదిగా మూశాడు.

"మామయ్యగారూ," అన్నాడు, "మాత్రలు ఎప్పుడు మానేశారు?"

"నా కుర్చీలోకి ఆ మాత్ర వేసుకునే పెద్దవాళ్ళు వస్తుంటారండీ. అందుకే నేను వాళ్ళకి మెషిన్ వాడేది. పొరపాటున ఎక్కడన్నా గీసుకుంటే వేలితో అదిమి కూర్చోవలసిందే, పటికకి ఒక పట్టాన లొంగదు. మీది ఇట్టే ఆగింది."

భార్య లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఎందుకు అటే వెళ్ళాలనిపించిందో, పెళ్ళయి అన్నేళ్ళయిన ఆడవాళ్ళకే తెలియాలి. కుండీలో వేలు పెట్టి మట్టి కదిపింది. తెల్లటి మాత్ర ఒకటి బయటపడింది. దాని కింద ఇంకొకటి.

"నాలుక కింద కూడా చూశాను కదండీ నేను," అంది.

"నాలుక కింద చూశావు. దవడ వెనక చూడలేదు," అన్నారు మాస్టారు. పనితనం గురించి అడిగితే జవాబు చెప్పకుండా ఉండలేని మనిషి. చెప్పాక ఆవిడ మొహం చూసి, చెప్పకుండా ఉండవలసింది అనుకున్నారు.

ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే ఆయనకి బాగుండేది. గుండీల డబ్బా పక్కన నేల మీద చతికిలబడింది. "ఆవేళ ఆస్పత్రిలో డాక్టరమ్మని బతుకుతారా అని అడిగాను. ఎలా అడిగానో నాకే తెలియదు. ఆ మాట రెండోసారి అడిగే ఓపిక నాకు లేదండీ," అంది.

చుక్క రాలని మాస్టారికి అప్పుడు కంట్లోంచి చుక్క రాలింది. అందరూ చూసి కూడా చూడనట్టు ఊరుకున్నారు. టైలరొక్కడే, "ఒరేయ్, మొక్కకి మాత్రం పక్షవాతం రాదులేరా ఇక," అన్నాడు. భార్యకి ఏడుపులో నవ్వొచ్చింది. నవ్వినందుకు ఇంకా కోపమొచ్చింది.

వెంటనే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ అంతా విని గుండె పరీక్షించింది. మాస్టారే తన శాస్త్రం విప్పారు. నీళ్ళ నెత్తురు, నీళ్ళ పాలు, పటిక, అన్నీ చెప్పారు.

"నెత్తురులో నీళ్ళేం కలవవు మాస్టారూ," అంది ఆవిడ. "సరే, మీ పనిలోంచే అడుగుతాను. నురగ గిన్నెలో కుంచె తిప్పుతున్నంతసేపు నురగ ఎలా ఉంటుంది?"

"వెన్నలా ఉంటుంది."

"తిప్పకుండా పక్కన పెట్టేస్తే?"

"అంచున గడ్డ కట్టి... " మాస్టారు ఆగారు.

"మీ గుండె పైగది ఆ గిన్నె. కుంచె సరిగా తిరగడం లేదు. పైన చెంప మీద ఇట్టే గడ్డకట్టే నెత్తురు, లోపల నిలవ ఉన్నచోట గడ్డకట్టకుండా ఊరుకుంటుందా? ఇన్నాళ్ళూ ఏమీ కాకపోవడం మీ గొప్ప కాదు, మీ అదృష్టం."

ఆ కుంచె మాట ఆయన లోపలికి దిగింది. నాలుక కింద దాక్కోలేదు, దవడ వెనక దాక్కోలేదు, సూటిగా దిగింది.

"మరి ఆగస్టు?" అన్నారు నీరసంగా.

"ఆగస్టు లేదు. మాత్ర క్రమం తప్పకుండా వేసుకుంటారని మీ ఆవిడ నాకు చెప్పాలి. గుండె పరుగు అదుపులోకి రావాలి. ఆ చెయ్యి ఇంకొకరి గొంతు దగ్గరికి వెళ్ళేది కదా, అది నిలకడగా ఉందని నాకు నమ్మకం కుదరాలి."

"అదెలా చూస్తారమ్మా?"

"మీరే చెప్పండి."

మాస్టారు కొంచెంసేపు ఆలోచించారు. "బెలూన్," అన్నారు.

పలక మీద తేదీ చెరిపేశారు. టైలరు ఆ ఖాళీ పలక ముందు నిలబడి, "ఆగస్టే కదా అని ఓర్చుకున్నానురా దేవుడా," అని గడ్డం పట్టుకున్నాడు. ఇంట్లో మాస్టారికి మళ్ళీ ఆ పాత వానాకాలం మొదలైంది. అల్లుడు రోజూ సాయంత్రం వచ్చి బెలూన్లు ఊదేవాడు. మాస్టారు నురగ పట్టించి గీకేవారు. ఢాం! నురగ గోడమీద. ఢాం! నురగ భార్య చీర మీద. పక్కింటివాళ్ళు "ఏం, ఇవాళ మాస్టారికి ఒంట్లో బాగాలేదా?" అని చప్పుడు లేని రోజున అడిగేవాళ్ళు. మాత్ర మింగాక భార్య చిన్న టార్చి వేసి నాలుక కింద, దవడ వెనక, చెంప సందుల్లో, అంతా గాలించేది. పళ్ళ డాక్టరు కూడా అంత శ్రద్ధగా చూడడు. మాస్టారు కిక్కురుమనకుండా నోరు తెరిచి కూర్చునేవారు. మధ్యలో ఒక మాట అన్నారు: "పై దవడ వెనక కూడా చూడు, అక్కడ కూడా పడుతుంది." ఆయన మనసారా ఒప్పుకున్నట్టు ఆవిడకి అప్పుడు తెలిసింది.

పరీక్ష రోజున డాక్టరమ్మ గదిలో అంతా చేరారు. మొదటి బెలూన్ పేలింది. బయట వరసలో కూర్చున్న రోగులు లేచి నిలబడ్డారు. ఒకాయన తన రొమ్ము పట్టుకు చూసుకున్నాడు. నర్సు తలుపు తోసుకుని వచ్చి, నురగ నిండిన డాక్టరమ్మ కళ్ళద్దాలు చూసి నోరు మూసుకుంది.

"ఇంకోటి," అంది డాక్టరమ్మ కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

అల్లుడు ఊదాడు. మాస్టారు నురగ పట్టించారు. ఈసారి జడ్జిగారి కథ చెప్పలేదు, ఏ కథా చెప్పలేదు. కత్తి పై నుంచి కిందికి దిగింది, పక్కకి తిరిగింది, ముడి చుట్టూ మెల్లగా నడిచింది. నురగ పోయింది, బెలూన్ మిగిలింది. డాక్టరమ్మ దాన్ని అందుకుని గోటితో మీటి చూసింది. ఆవిడకి ఆ పాత కథ ఎవరూ చెప్పలేదు. మాస్టారి వీపు దానంతటదే నిటారైంది. గురువు వెనక నిలబడ్డట్టే ఉంది.

"మధ్యాహ్నం దాకానే పని. అలుపొస్తే ఆపెయ్యాలి. మాత్ర జీవితాంతం," అంది ఆవిడ. "మీ సొంత చెంపకి మాత్రం..."

"మెషినే," అన్నారు మాస్టారు. ఆ మాట చెప్పడానికి ఆయనకి బెలూన్‌కంటే ఎక్కువ శ్రమ అయింది.

ఆ సాయంత్రం ఇంట్లో అల్లుడు మెషిన్ తీశాడు. మాస్టారు కళ్ళు గట్టిగా మూసుకుని, కుర్చీ చేతులు పట్టుకుని, పన్ను పీకించుకునేవాడిలా కూర్చున్నారు. బుర్రుమంటూ మెషిన్ చెంప మీద తిరిగింది. నెలల నాటి తెల్లగడ్డం ఒళ్ళో రాలింది. కొంతసేపటికి ఒక కన్ను తెరిచారు.

"ఏం మామయ్యగారూ, ఎలా ఉంది?"

"కుట్టలేదు," అన్నారు మాస్టారు. ఇంకాసేపు ఆగి, "ఇటు పక్క ఇంకొంచెం," అన్నారు.

మర్నాడు భార్య పటికని తనే కొట్టుకి తీసుకెళ్ళి గాజు గిన్నెలో పెట్టింది. అరిగిన మూల గోడవైపు తిప్పి పెట్టమని మాస్టారు చెప్పి పంపారు. ఆవిడ దాన్ని అద్దం ముందు, అందరికీ కనపడేలా, ఇవతలికి తిప్పి పెట్టింది. అల్లుడు పలక తడిగుడ్డతో తుడిచి కొత్తగా రాశాడు. అడుగున టైలరు సుద్దముక్క లాక్కుని 'మొదటి గడ్డం నాది, ఎవరూ తోసుకురావద్దు' అని చేర్చాడు. దాని పైన, వీధి చివర నుంచి కూడా కనపడేంత పెద్ద అక్షరాలతో ఉంది: మాస్టారు వచ్చే రోజు నవంబరు మూడు, సోమవారం.